కంచె అవతలి తెలుగు

"ఇకమీదట కోచ్ కోర్టు బయట కూర్చుని తన ఆటగాడికి సలహా చెప్పవచ్చు. పాయింటుకూ పాయింటుకూ మధ్య, క్లుప్తంగా, ఆటకు అడ్డం రాకుండా చెప్పాలి."

జనవరిలో మా టెన్నిస్ అంపైర్లందరికీ వచ్చిన సర్క్యులర్‌లో ముఖ్యమైన ముక్క ఇదే. మా వాట్సాప్ గ్రూపులో అందరూ సంబరపడ్డారు. ఏ తండ్రి సైగ చేస్తున్నాడో, ఏ తల్లి గొణుగుతోందో అని కంచె వైపు చూసి చూసి మెడలు పట్టేసే బాధ ఇక తప్పిందన్నారు. నేను మాత్రం ఫోను బల్లమీద బోర్లా పెట్టి, ఏడో తరగతి పిల్లల్ని గ్రౌండులోకి తోలుకుపోయి, ఏ తప్పూ చేయని వాళ్ళ చేత రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించాను.

నాకు కోపం వస్తే అంతే, ఎదురుగా ఎవరుంటే వాళ్ళు బలి. ఆ రోజు ఆ కోపం నిజానికి నా మీదే. ఎందుకో చెప్పాలంటే నిరుడు మే నెలలో తమిళనాడులోని ధర్మపురిలో జరిగింది చెప్పాలి.

నా పేరు వసుంధర. కుప్పం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. సెలవులొస్తే చుట్టుపక్కల జరిగే జూనియర్ టెన్నిస్ పోటీలకు అంపైరుగా పోతాను. తమిళం నాకు మంచినీళ్ళ ప్రాయం. కుర్చీ ఎక్కానంటే ముక్కుసూటి మనిషినని పేరు. "వసుంధర మేడం కూర్చుంటే సొంత అన్న కూతురైనా సరే, గీత దాటిన బంతి బయటే" అని తోటివాళ్ళు ఎగతాళిగా అనేవారు. ఆ ఎగతాళిని నేను పతకంలా మెడలో వేసుకుని తిరిగేదాన్ని.

ధర్మపురిలో అది పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల పోటీ. ఊరి చివర ఒక పాత క్లబ్బు, అందులో మూడు ఎర్రమట్టి కోర్టులు. రెండో రోజు పొద్దున ఆరింటికే పోయాను, వలల ఎత్తు టేపు పెట్టి కొలుద్దామని. అప్పటికే ఒకాయన కోర్టుకు నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేస్తున్నాడు. మోకాళ్ళ దాకా మడిచిన పంచె, తలకు తుండుగుడ్డ. వెనకాలే చీపురుతో పదమూడేళ్ళ పిల్ల గీతల మీద ఎగిరిపడ్డ మట్టి ఊడుస్తోంది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. తెలుగులో.

"నిన్న నువ్వు ఆడింది చూస్తిని. ఆ పాప యాడుంటే ఆడికే కొడ్తా ఉండావు. గొర్రె ముందరికి పోయి నిలబడితే అది కదుల్తాదా?"

"మరి ఏం చెయ్యల్ల నాయనా?"

"తోలల్ల. ముందు ఆ పక్కకు తోలు. ఇంకొంచెం తోలు. అది పూరా ఆ పక్కకు వంగినంక, ఈ పక్క దొడ్డి వాకిలి తెరుచుకుంటాది. అప్పుడు వెయ్యి."

పది రోజులుగా ఊళ్ళు తిరుగుతూ తమిళం, ఇంగ్లీషు తప్ప వేరే మాట చెవిన పడలేదు. ఇప్పుడు పడ్డ తెలుగు కూడా ఎలాంటిది! మా అవ్వగారింట్లో నలభై గొర్రెలుండేవి. మా తాత సాయంత్రం మందను దొడ్డికి తోలుతూ అచ్చం ఇవే మాటలు, ఇదే యాసలో అనేవాడు. హైదరాబాదు నుంచి వచ్చిన అంపైరు ఎవరైనా విని ఉంటే, మనిషి గొర్రెల సంగతేదో చెబుతున్నాడనుకుని పోయేవాడు. నాకు మాత్రం ఆ పిల్లకు ఆయన బంతి ఎక్కడ వెయ్యాలో పాఠం చెబుతున్నాడని ఠక్కున అర్థమైంది.

"అన్నా, మీది యా ఊరు?" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆటగాళ్ళతో, వాళ్ళ వాళ్ళతో అధికారులు చనువుగా ఉండకూడదని మాకొక రూలు ఉంది. రూలు అడ్డమొచ్చిందని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. చాటుగా వినడంలో ఉన్న సుఖం కూడా వదులుకోలేకపోయానన్నది అసలు నిజం. ఆ పొద్దున నేను నోరు తెరిచి ఒక్క మాట తెలుగులో పలకరించి ఉంటే తరవాతి కథ జరిగేది కాదు.

కాసేపటికి ఒక ముసలావిడ స్టీలు క్యాన్‌లో మజ్జిగ తెచ్చింది. వాళ్ళిద్దరికీ పోసి, నా వైపు కూడా గ్లాసు చాచి, "మోర్ కుడింగమ్మా" అంది, తాగమని. "వేండాంమా" అని తమిళంలోనే వద్దన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కొడుకుతో తెలుగులో, "పాపం, ఎండకు ఎండిపోయుండాది ఈయమ్మ. పొగరు మాత్రం ఎండలేదు" అంది. పిల్ల కిసుక్కున నవ్వింది. నేను టేపు వైపు చూస్తూ నవ్వు ఆపుకున్నాను.

చీఫ్ రెఫరీ తమిళరసన్ గారు సేలం మనిషి, పెద్దాయన. టీ తాగుతూ వాళ్ళ సంగతి చెప్పారు. కోర్టు చూసుకునే ఆయన పేరు చిక్కప్ప. కారిమంగళం పక్క పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ రోలరు లాగుతున్నాడు. ముసలావిడ అతని తల్లి నాగవేణమ్మ. పిల్ల తనుజ, బంతులు ఏరుతూ ఏరుతూ ఆట నేర్చుకుంది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఆఫీసరు తన పాత రాకెట్ ఇచ్చి పోయాడు. నేర్పిందంతా తండ్రే. చిక్కప్ప తన చేత్తో ఒక్క బంతి కొట్టి ఎరగడు, కంచె అవతల నిలబడి పెద్దమనుషుల ఆట చూడడమే అతని చదువు.

"ఈ పోటీలో సెమీస్ చేరే నలుగురికీ ఒక స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఇస్తామన్నారు. తిండి, బడి, అసలైన కోచ్. అతను నా దగ్గరికొచ్చి ఏమన్నాడో తెలుసా మేడం? 'నేను చూసిందంతా నా బిడ్డకు చెప్పేసినాను సార్. ఇంక నాలో ఏమీ లేదు. ఇంక ఎవరైనా చదువుకున్నవాళ్ళు చెప్పాల' అన్నాడు" అన్నారు తమిళరసన్.

తనుజ క్వార్టర్స్ దాకా వచ్చి ఉంది. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే సీటు. ఆ మ్యాచ్‌కు నన్నే కుర్చీలో వేశారు.

*

ఎదుటి పిల్ల కనిమొళి కోయంబత్తూరు నుంచి వచ్చింది. మంచి ఆట, మంచి బూట్లు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడే పిల్ల. ఆమెను నేనేమీ అనను. వాళ్ళ నాన్న వరదరాజన్ తెల్ల టోపీ పెట్టుకుని కంచె పక్కనే కుర్చీ వేసుకున్నాడు. రెండో వైపు చిక్కప్ప గొంతుకూర్చున్నాడు, పక్కన తల్లి.

మొదటి సెట్ కనిమొళి ఆరు మూడుతో గెలిచింది. తనుజ పొద్దున విన్న పాఠమంతా మరిచిపోయి, బంతిని నేరుగా ఎదుటి పిల్ల కాళ్ళ దగ్గరికే పంపుతోంది. బెదిరిన పిల్లలు అంతే, తెలిసిందే ముందు మరిచిపోతారు.

రెండో సెట్ మొదలైన కాసేపటికి చిక్కప్ప మాటలు మొదలయ్యాయి. కూతురి వైపు చూడడు. తల్లి వైపు తిరిగి, మామూలుగా ఇంటి సంగతి చెబుతున్నట్టు, కంచె దాటి వినపడేంత గొంతుతో అనేవాడు.

"అమ్మా, మంద ఆ పక్కకు వంగుండాది. ఇంకొంచెం తోలితే సరిపోతాది."

తనుజ బంతిని కుడివైపు లోతుగా వేసింది. మళ్ళీ అక్కడికే వేసింది.

"అమ్మా, ఇప్పుడు దొడ్డి వాకిలి తెరిచుండాది, చూస్తివా?"

తనుజ ఎడమవైపు మెల్లగా వదిలింది. కనిమొళి అంత దూరం రాలేకపోయింది. పాయింటు.

ముందు నాకు ఒళ్ళు పులకరించింది. అదీ చెప్పాలి. నాలుగు పాయింట్ల పాటు నేను అంపైరునన్న సంగతే మరిచి, మా తాత మందను చూసినట్టు చూశాను. ఐదో పాయింటుకు ఉలిక్కిపడ్డాను. అప్పటి రూలు చాలా స్పష్టం. ఆట నడుస్తుండగా ఆటగాడికి బయటినుంచి ఎవరూ ఏ రూపంలోనూ సలహా ఇవ్వకూడదు. మాటగానీ, సైగగానీ. మొదటి తప్పుకు హెచ్చరిక. రెండోదానికి ఒక పాయింటు పోతుంది. మూడోదానికి ఏకంగా గేమ్ పోతుంది. శిక్ష పడేది చెప్పినవాడికి కాదు, ఆడేవాళ్ళకు.

తన మాట ఎవరికి తెలుస్తుందన్నది చిక్కప్ప ధైర్యం. ఆ కంచె లోపల ఇరవయ్యేళ్ళుగా పెద్దమనుషులంతా తమిళంలో మాట్లాడుకుంటుంటే, వాళ్ళ ఎదుటే తనవాళ్ళతో ఏం చెప్పుకోవాలన్నా తెలుగులో చెప్పుకునేవాడు. అంతమందిలోనూ ఇంట్లో తలుపేసుకున్నట్టే ఉండేది వాళ్ళకు. ఆ తలుపుకు బయట ఒక అంపైరు చెవి పెట్టి ఉంటుందని అతను ఎలా అనుకుంటాడు?

సైడ్లు మారేటప్పుడు కుర్చీ దిగి కంచె దగ్గరికి పోయాను. తెలుగులోనే అన్నాను. "అన్నా, మంద సంగతి ఇంక చాలు. నాకు అర్థమైతా ఉంది. ఇది కోచింగ్. బిడ్డకు హెచ్చరిక ఇస్తా ఉండాను. ఇంకొకసారి అంటే పాయింటు పోతుంది."

తప్పు పట్టుబడినవాడు ఎలా ఉంటాడో చాలామందిని చూశాను. చిక్కప్ప లాంటివాణ్ణి చూడలేదు. లేచి నిలబడ్డాడు. మొహమంతా వెలుగు. "నువ్వు మనోళ్ళా తల్లీ? అమ్మా, ఈయమ్మ మనోళ్ళమ్మా!" అని తల్లి భుజం తట్టాడు. నాగవేణమ్మ పొద్దున పొగరన్న సంగతి గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళకు నా మీద కోపం రాలేదు. తిరునాళ్ళలో తప్పిపోయిన చుట్టం కనబడ్డట్టు సంతోషపడ్డారు.

నేను కుర్చీ ఎక్కి, మైకు లేని గొంతుతో గట్టిగా, "కోడ్ వయొలేషన్, కోచింగ్. వార్నింగ్, మిస్ తనుజ" అన్నాను.

అటు వరదరాజన్ ఇదంతా కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఇప్పుడు అతనికి రెండు సంగతులు తెలిశాయి. ఆ మనిషి కూతురికి ఏదో చెబుతున్నాడు. ఈ అంపైరుదీ ఆ భాషే.

*

హెచ్చరిక తరవాత చిక్కప్ప చేసిన పని చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. తలకున్న తుండుగుడ్డ విప్పి, నోటి చుట్టూ కట్టుకున్నాడు. గడ్డి వేసే దాకా దూడకు చిక్కం కట్టినట్టు. తన మీద తనకు అంత అపనమ్మకం. నాకు నవ్వు రాలేదు.

తనుజ తానే ఆడింది. రెండో సెట్ ఆరు నాలుగుతో గెలిచింది. తండ్రి నోరు మూసుకున్నా పాఠం తలకెక్కింది. తోలడం, ఆగడం, వాకిలి తెరుచుకోగానే వెయ్యడం. చుట్టూ జనం పోగయ్యారు. పక్క కోర్టులో ఓడిన పిల్లలు కూడా వచ్చి కంచెకు అతుక్కున్నారు.

మూడో సెట్‌లో నాలుగు నాలుగు. పొడుగాటి పాయింటు నడుస్తోంది, పద్దెనిమిదో పంతొమ్మిదో షాటు. కనిమొళి ముందుకు ఉరికింది. సరిగ్గా అప్పుడు చిక్కప్ప నాలుక తాటించాడు. తుండుగుడ్డ వెనక నుంచి "ట్లక్" అని ఒక్క చప్పుడు. గొర్రెల కాపర్లు మందను ఒక పక్కకు తిప్పాలంటే చేసే చప్పుడది. మాట కాదు, ఆలోచించి చేసిందీ కాదు. ఏళ్ళ తరబడి నోటికి పట్టిన అలవాటు. తనుజ ఆ చప్పుడుకు ఎడమకు తిరిగి బంతిని ఆమె తలమీదుగా లేపింది. గీత మీద పడింది.

ఆ చప్పుడును కోచింగ్ అని కనిపెట్టగల అంపైరు ఈ దేశంలో ఇంకొకరున్నారో లేదో. నేనున్నాను. "కోడ్ వయొలేషన్, కోచింగ్. పాయింట్ పెనాల్టీ" అన్నాను. చిక్కప్ప రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. ఇది న్యాయమేనని నాకు ఇవాళ్టికీ అనిపిస్తుంది. ఆ రెండు శిక్షల గురించి నేను బాధపడడం లేదు.

వరదరాజన్‌కు అదీ చాలలేదు. పక్కన కూర్చున్నవాళ్ళతో తమిళంలో నాకు వినబడేట్టే అన్నాడు. "ఇంకా ఏమేం చెప్పాడో ఎవరికి తెలుసు? వాళ్ళిద్దరిదీ ఒకటే భాష. పట్టుకున్నవి రెండు, వదిలేసినవి ఎన్నో."

ఆ మాట నన్ను గుచ్చింది. పన్నెండేళ్ళుగా కాపాడుకున్న పేరు. పక్షపాతమా, నాకా? ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అతని మీద చూపించే వీలు లేదు. లోపలే పెట్టుకున్నాను.

ఐదు ఐదు. కనిమొళి తన సర్వీస్ నిలుపుకుంది. ఆరు ఐదు. ఇప్పుడు తనుజ సర్వీస్. ఈ గేమ్ గెలిస్తే టైబ్రేక్, ఓడితే ఇంటికి. ముప్పై పదిహేనుతో ముందుంది. ఆ తరవాత రెండు సర్వీసులూ వలకు కొట్టింది. ముప్పై ముప్పై.

బంతి పట్టుకుని గీత దగ్గర నిలబడింది. ఎగరెయ్యడం లేదు. చూస్తే ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. కన్నీళ్ళు చెంపల మీది ఎర్రమట్టిలో చారలు కట్టాయి. పదమూడేళ్ళ పిల్ల మీద ఒక ఇంటి ఆశంతా మోపితే ఇంకేమవుతుంది? నేను గడియారం చూస్తున్నాను. ఇరవయ్యైదు సెకండ్ల లోపు సర్వీస్ చెయ్యాలి.

చిక్కప్ప లేచాడు. నోటికున్న తుండుగుడ్డ కిందికి లాగాడు. ఈసారి తల్లి వైపు తిరగలేదు. నేరుగా కూతుర్నే చూశాడు.

"తనుజా, ఏడవద్దు బిడ్డా. ఓడిపోతే పోనీ. సీటు లేకపోతే లేకపాయె. ఇంటికి పోదాం, నేనుండాను గదా."

అంతే అన్నాడు. అందులో మంద లేదు, దొడ్డి లేదు, వాకిలి లేదు. ఇరవయ్యేళ్ళు కంచె పట్టుకుని కన్న కలను బిడ్డ కన్నీళ్ళు చూసి అక్కడికక్కడే వదిలేశాడు. తనుజ ముంజేత్తో మొహం తుడుచుకుంది. ఊపిరి పీల్చుకుంది. బంతి ఎగరెయ్యడానికి చెయ్యి ఎత్తింది.

"స్టాప్!" అని వరదరాజన్ లేచాడు. "మళ్ళీ చెప్పాడు! అందరం చూశాం! రెఫరీని పిలవండి!"

తమిళరసన్ గారు గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చారు. ఆటగాళ్ళిద్దరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. ఆయన నా కుర్చీ పక్కకు వచ్చి మెల్లగా అడిగారు. "ఏమన్నాడు మేడం? మాకెవరికీ తెలియదు. మీరు చెప్పిందే ఖాయం."

నిజమే. అంతమంది మధ్య ఆ మాటలు తెలిసినవాళ్ళం నలుగురమే. అన్నవాడు, విన్న కూతురు, అతని తల్లి, నేను. వాళ్ళు ముగ్గురూ చెబితే చెల్లదు. నేను చెబితే చెల్లుతుంది. "కోచింగ్ కాదు సార్, తండ్రి ఊరడించాడు, అంతే" అనాలి. నాలుగు మాటలు. కానీ అవతల తెల్ల టోపీ నన్నే చూస్తోంది. వాళ్ళిద్దరిదీ ఒకటే భాష. నేను చెప్పేదెవరు నమ్ముతారు? మనవాళ్ళని వదిలేసింది అంటారు. వసుంధర మేడం కూడా అంతేనంటారు.

రూలు పుస్తకంలో "ఏ రూపంలోనైనా" అన్న మాట గుర్తొచ్చింది. దాని వెనక దాక్కున్నాను.

"కోచింగే సార్" అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. నేను బయటికి ప్రకటించాను. మూడో తప్పు, గేమ్ పెనాల్టీ. ఏడు ఐదు. గేమ్, సెట్, మ్యాచ్ కనిమొళి.

కనిమొళి కూడా సంతోషపడలేదు. వల దగ్గరికి వచ్చి తనుజ చెయ్యి పట్టుకుని తమిళంలో ఏదో సారీ లాంటిది చెప్పింది. తరవాత తనుజ నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఏడవడం లేదు. కుర్చీలో ఉన్న నన్ను తలెత్తి చూసి తెలుగులో అడిగింది.

"మా నాయన ఏమన్నాడో మీకు తెలుసును గదా మేడం?"

అడిగిన తీరులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. స్కోరు కాగితం ముందుకు తోసి, "స్కోర్ పార్త్ కైయెళుత్తు పోడుమా" అన్నాను. స్కోరు చూసి సంతకం పెట్టమని. తమిళంలో.

ఆ పిల్ల నా మొహం వైపు ఇంకాసేపు చూసింది. సంతకం పెట్టింది.

గేటు బయట చిక్కప్ప ఎదురొచ్చాడు. "తప్పు నాది బిడ్డా. నా నోరు..." అంటూ సంచీ అందుకోబోయాడు. తనుజ సంచీ ఇవ్వలేదు. "ఇనిమే ఎన్‌కిట్ట తెలుంగుల పేసాదప్పా" అంది. ఇకమీద నాతో తెలుగులో మాట్లాడొద్దు నాన్నా అని. అరవలేదు, విసుక్కోలేదు. మంచినీళ్ళు వద్దన్నట్టు చెప్పింది. నాగవేణమ్మ ఖాళీ మజ్జిగ క్యాన్ పట్టుకుని వాళ్ళ వెనకాలే నడిచింది.

*

జనవరిలో సర్క్యులర్ వచ్చింది. మేలో ధర్మపురి పోటీకి పేరు నేనే అడిగి వేయించుకున్నాను. ఏం చేద్దామని పోయానో నాకే సరిగ్గా తెలియదు. సర్క్యులర్ కాగితం మాత్రం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను.

పొద్దున ఆరింటికి చిక్కప్ప గీతలు వేస్తున్నాడు. వెనకాల ఊడ్చేవాళ్ళెవరూ లేరు. ఆయనే గీత వేసి, వెనక్కి వచ్చి, చీపురు అందుకుని ఊడ్చి, మళ్ళీ గీత దగ్గరికి పోతున్నాడు. నన్ను చూసి చేతులు జోడించి, "వణక్కం మేడం" అన్నాడు.

"అన్నా, బాగుండావా? బిడ్డ ఆడలేదా ఈసారి?" అన్నాను.

తెలుగు వినగానే కాస్త తడబడ్డాడు. చాలాకాలం తీయని తలుపు తీస్తున్నట్టు మెల్లగా మాట్లాడాడు. "ఆడలేదు తల్లీ. ఆ దినమే బ్యాటు అటక మీద పెట్టేసింది. తొమ్మిదికి పోతా ఉండాది. బాగా చదువుతాది."

"మాట్లాడతాదా?"

"ఓ, మాట్లాడతాది. అన్నం పెడతాది, నీళ్ళు తోడుతాది. మంచి బిడ్డ." గీత సరిగ్గా ఉన్న చోటే ఇంకోసారి చీపురుతో ఊడ్చాడు. "తమిళంలోనే. మా అమ్మతో గూడా తమిళంలోనే. మా అమ్మ పొద్దంతా గొర్రెలతో మాట్లాడుకుంటా ఉంటాది, తెలుగు యాడ మర్చిపోతానో అని."

కోర్టు పక్కన కొత్తగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. వాటి వీపుల మీద ఇంగ్లీషులో 'కోచ్' అని రాసిన కాగితాలు అంటించి ఉన్నాయి. పోటీకి కావలసినవన్నీ సర్దేది అతనే, ఆ కుర్చీలు కూడా అతనే వేసి ఉంటాడు. అవెందుకో అతనికి తెలుసా అనిపించింది.

సంచిలోంచి కాగితం తీశాను. "అన్నా, రూలు మార్చేసినారు. ఇప్పుడు తండ్రయినా సరే, ఆ కుర్చీలో కూర్చుని బిడ్డకు చెప్పొచ్చు. యా భాషలోనైనా సరే. ఎవరూ ఏమీ అనరు."

అతను కాగితం అందుకోలేదు. చేతులకు సున్నం ఉంది. ఆ ఇంగ్లీషు అక్షరాల వైపు చూసి, కుర్చీల వైపు చూసి, నన్ను అడిగాడు.

"ఇప్పుడు ఎవురితో చెప్పేది తల్లీ?"

ఏడాదిగా మోసినది ఇంక మోయలేక అక్కడే, ఆ గీత మీదే నిలబడి చెప్పేశాను. "అన్నా, ఆ దినం నువ్వు చివర అన్నది కోచింగ్ కాదు. బిడ్డను ఊరడించినావు, అంతే. నాకు తెలుసు. తెలిసే కోచింగ్ అన్నాను. నా పేరు పోతుందని భయపడి అన్నాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. చిక్కప్ప నన్నే చూశాడు. నిరుడు కంచె దగ్గర లేచి నిలబడినప్పటి వెలుగులో కాస్త, ఒక్క క్షణం, ఆ మొహంలోకి వచ్చి పోయింది.

"తెలుసును తల్లీ," అన్నాడు. "నువ్వు మనోళ్ళు గదా. నీకు అర్థం కాకుండా ఉంటాదా?"

తుండుగుడ్డ తీసి కోచ్ కుర్చీ మీద పడ్డ మట్టి తుడిచి, రోలరు పట్టుకుని రెండో కోర్టుకు పోయాడు.